టెర్మినల్‌కు తెరుచుకున్న సర్వర్ ఎడిటర్‌కు తెరుచుకోదేం?

రిమోట్ డీబగ్గింగ్ (దూరపు సర్వర్‌లో నడిచే ప్రోగ్రాములోని తప్పులను మన యంత్రం నుంచే వెతకడం) గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ ఒకే వాక్యం కనిపించింది: “పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ.” లోపలికి రానివ్వలేదని చెబుతుంది గాని ఎందుకు రానివ్వలేదో చెప్పదు. బయట నిలబడ్డది మీరో దొంగో సర్వర్‌కు తెలియదు కనుక అసలు కారణాన్ని తన లాగ్‌లో రాసుకుని మీకు ఆ ఒక్క ముక్కే వినిపిస్తుంది. అందుకని ఈ ఉత్తరాలను ఒకచోట చేర్చి, ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాది విండోస్ ల్యాప్‌టాప్. లినక్స్ సర్వర్ మీద నడిచే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామును విజువల్ స్టూడియో కోడ్ నుంచి డీబగ్ చేయాలి. కీ జతను తయారు చేసి, ప్రైవేట్ కీని నా దగ్గరే ఉంచుకుని, పబ్లిక్ కీని సర్వర్‌లో పెట్టాను. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వెళ్తున్నాను. అదే సర్వర్‌కు ఎడిటర్ నుంచి వెళ్తే మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది. ఎడిటర్‌ను తీసేసి మళ్లీ వేసినా మార్పు లేదు. కీని మళ్లీ కొత్తగా తయారు చేయమని మా సీనియర్ అంటున్నారు. చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. కారణం తెలియకుండా కొత్త కీ చేస్తే ఉన్న చిక్కుకు తోడు ఇంకొకటి వచ్చి చేరుతుంది. టెర్మినల్ నుంచి లోపలికి వెళ్లగలుగుతున్నారంటే ఆ కీ మంచిదేనని, సర్వర్ దాన్ని ఒప్పుకుంటోందని, అక్కడి ఫైళ్ల అనుమతులు కూడా సరిగానే ఉన్నాయని మీరే రుజువు చేశారు. ఇక మిగిలిన అనుమానం ఒక్కటే. టెర్మినల్‌లో మీరు నడిపిన ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు సర్వర్‌లోకి భద్రంగా వెళ్లడానికి వాడే ప్రోగ్రాము), ఎడిటర్ పిలిచిన ఎస్‌ఎస్‌హెచ్ రెండూ ఒకటేనా?

మీరు టెర్మినల్ అన్నారు గాని అది ఏ టెర్మినలో రాయలేదు. విండోస్ యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ అనే పేరుతో రెండు మూడు ప్రోగ్రాములు కాపురం ఉండటం మామూలే. విండోస్‌తో వచ్చేది సిస్టమ్32 లోపల ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌ను వేసుకుంటే దానితో పాటు మరొకటి వస్తుంది. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే ఏర్పాటు) వాడేవారికి అందులోని లినక్స్‌ది మూడోది. పేరు ఒకటే అయినా వీటి ఇళ్లు వేరు. డబ్ల్యూఎస్‌ఎల్‌లో కీ తయారు చేస్తే అది ఆ లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్‌లోకి వెళ్తుంది. ఎడిటర్ మాత్రం విండోస్ ప్రోగ్రాము కాబట్టి విండోస్ ఎస్‌ఎస్‌హెచ్‌ను పిలుస్తుంది, అది విండోస్ యూజర్ ఫోల్డర్‌లోని డాట్ ఎస్‌ఎస్‌హెచ్‌లో వెతుకుతుంది. అక్కడ ఏమీ దొరకదు, కనుక పాస్‌వర్డ్ అడుగుతుంది. మీది ఇదేనని పందెం కాయను గాని, ముందుగా చూడవలసింది మాత్రం ఇదే.

చూడటం కష్టం కాదు. విజువల్ స్టూడియో కోడ్‌లోని రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ పొడిగింపుకు సొంత ఎస్‌ఎస్‌హెచ్ లేదు. మీ యంత్రంలో ఉన్నదాన్నే పిలుస్తుంది. అవుట్‌పుట్ అనే పలకను తెరిచి, జాబితాలో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌ను ఎంచుకుంటే, అది ఏ దారిలోని ఏ ప్రోగ్రామును పిలిచిందో మొదట్లోనే కనిపిస్తుంది. ఆ దారిని యథాతథంగా కాపీ చేసి, విండోస్ పవర్‌షెల్‌లో అదే ప్రోగ్రామును మైనస్ వీ (ప్రతి అడుగునూ వివరంగా చెప్పమనే స్విచ్) తగిలించి మీ చేత్తో నడపండి. అక్కడ కూడా పాస్‌వర్డ్ అడిగిందంటే ఇక ఎడిటర్‌ను నిందించనక్కరలేదు. ఇది మామూలు ఎస్‌ఎస్‌హెచ్ సమస్యే. అడగకపోతే ఎడిటర్ అమరికల్లో కాన్ఫిగ్ ఫైల్ (ఏ సర్వర్‌కు ఎలా వెళ్లాలో ఎస్‌ఎస్‌హెచ్‌కు చెప్పే ఫైల్) దారి గాని, ఎస్‌ఎస్‌హెచ్ దారి గాని ఇంకెటో చూపిస్తున్నదేమో పరిశీలించండి.

మైనస్ వీతో వచ్చే వరసలను చూసి చాలామంది కళ్లు మూసుకుంటారు. నిజానికి వాటిలో నాలుగు రకాలు చదివితే చాలు. “ఐడెంటిటీ ఫైల్” అని మొదలయ్యే వరసలో ఎస్‌ఎస్‌హెచ్ ఏ కీ కోసం ఏ ఫోల్డర్‌లో చూసిందో ఉంటుంది. వరస చివర “టైప్ మైనస్ 1” అని ఉంటే ఆ పేరుతో చదవగలిగిన కీ అక్కడ దొరకలేదనుకోవచ్చు. “ఆఫరింగ్ పబ్లిక్ కీ” అంటే ఆ కీని సర్వర్‌కు చూపించిందని అర్థం. “సర్వర్ యాక్సెప్ట్స్ కీ” అంటే సర్వర్ సరేనంది. “అథెంటికేషన్స్ దట్ కెన్ కంటిన్యూ” అంటే ఇది కుదరలేదు, ఇంకేదైనా ఉంటే చూపించమంటోందని.

ఇప్పుడు ఈ వరసల వరుసక్రమమే రోగాన్ని చెబుతుంది. “ఆఫరింగ్” అన్న మాటే రాకపోతే తప్పు మీ యంత్రంలో ఉంది: కీ అక్కడ లేదు, లేదా వేరే పేరుతో ఉంది. “ఆఫరింగ్” వచ్చి “యాక్సెప్ట్స్” రాకపోతే చూడవలసింది సర్వర్‌లో, దాని సంగతి తరువాతి ప్రశ్నలో చెబుతాను. “యాక్సెప్ట్స్” కూడా వచ్చి ఆ తరువాత ఆగిపోతే సర్వర్ తన పని తాను చేసింది, మీ ప్రైవేట్ కీతో సంతకం పెట్టడమే కుదరలేదు. పాస్‌ఫ్రేజ్ (ప్రైవేట్ కీకి వేసుకున్న రహస్యపదం) తప్పు కావడం, ఏజెంట్ (తెరిచిన కీలను దగ్గర ఉంచుకునే ప్రోగ్రాము) నిరాకరించడం, కీ ఫైల్ పాడవడం ఈ కోవలోకి వస్తాయి.

మీది డబ్ల్యూఎస్‌ఎల్ కథే అయితే ప్రైవేట్ కీని అటు నుంచి ఇటు కాపీ చేసుకోవాలనిపిస్తుంది. నేనైతే చేయను. కాపీ చేసిన కీకి విండోస్ అనుమతులు వదులుగా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ పెద్ద అక్షరాలతో “అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్” అని గద్దించి దాన్ని పక్కన పెట్టేస్తుంది. నోట్‌ప్యాడ్ ద్వారా అతికిస్తే చివరి వరస తరువాత ఉండవలసిన ఖాళీ వరస పోయి “ఎర్రర్ ఇన్ లిబ్‌క్రిప్టో” అనే అర్థం కాని మాట వచ్చే అవకాశం ఉంది. దానికన్నా విండోస్‌లో కీలు తయారు చేసే ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌తో ఇంకో జత చేసుకుని, దాని పబ్లిక్ కీని సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో (సర్వర్ ఒప్పుకునే కీల జాబితా) మరో వరసగా చేర్చండి. మొదట కొత్త కీ వద్దని ఇప్పుడు చేయమంటున్నానేమిటని అనుకోవద్దు. పాతది పాడైందని కాదు, ఈ ఇంటికి ఇంకా తాళంచెవి లేదని. ఆ ఫైల్‌లో ఎన్ని కీలైనా ఉండవచ్చు, ఒక్కొక్కటి ఒక్కో వరస.

కీ సరిగానే ఉండి, పేరు తప్పయ్యే సందర్భం కూడా ఒకటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు యూజర్ పేరు చెప్పకపోతే మీ ల్యాప్‌టాప్‌లోని యూజర్ పేరే సర్వర్‌లోనూ ఉందనుకుంటుంది. టెర్మినల్‌లో మీరు పేరు, ఎట్ గుర్తు, సర్వర్ అని పూర్తిగా కొట్టి, ఎడిటర్‌లో సర్వర్ పేరు మాత్రమే ఇచ్చి ఉంటే, రెండోసారి తలుపు తట్టింది అక్కడ లేని మనిషి. ఇలాంటివి తేల్చడానికి ఎస్‌ఎస్‌హెచ్‌కు మైనస్ క్యాపిటల్ జీ అనే స్విచ్ ఉంది. దాన్ని తగిలిస్తే సర్వర్‌కు వెళ్లకుండానే, ఆ సర్వర్‌కు తాను ఏ యూజర్ పేరు, ఏ పోర్టు, ఏ కీ ఫైళ్లు వాడబోతోందో మొత్తం అచ్చు వేస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఒకే అమరిక రెండుచోట్ల ఉంటే మొదట కనిపించినదే చెల్లుతుంది, కనుక హోస్ట్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి అందరికీ వర్తించేలా రాసిన భాగం ఫైల్ చివర ఉండాలి. దాన్ని పైన పెట్టి, అందులోనే యూజర్ పేరు రాసి, కింద సర్వర్‌కు వేరుగా రాసినది ఎందుకు పనిచేయడం లేదని రోజంతా తల పట్టుకున్నవారు నాకు తెలుసు.

ప్రశ్న: ఎడిటర్ లాగ్‌లో “ఆఫరింగ్ పబ్లిక్ కీ” కనిపిస్తోంది, కాని సర్వర్ ఒప్పుకోవడం లేదు. ఆథరైజ్డ్ కీస్‌లో నా కీ ఉందని పదిసార్లు చూసుకున్నాను. తెలిసినవారు చెప్పగా అనుమతుల విషయంలో ఇబ్బంది రాకూడదని నా హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇచ్చాను. ఐనా అంతే.

జవాబు: 777 ఇచ్చాక ఇక మిగిలిన అవకాశం కూడా పోయింది. ఇక్కడ అనుమతులు ఎక్కువైతేనే తలుపు మూసుకుంటుంది. మీ హోమ్ ఫోల్డర్‌లో ఇతరులు రాయగలిగితే, వాళ్లు మీ డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌ను తప్పించి తమ కీ ఉన్న ఫోల్డర్‌ను అక్కడ పెట్టవచ్చు. అందుకే సర్వర్‌లో తలుపు కాసే ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రాము ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌ను నమ్మే ముందు, ఆ ఫైల్, అది ఉన్న ఫోల్డర్, ఆపైన హోమ్ ఫోల్డర్, ఈ మూడింటినీ తనిఖీ చేసి, వాటిలో ఏ ఒక్కదానికైనా యజమాని కాకుండా గ్రూపుకో ఇతరులకో రాసే హక్కు ఉంటే ఫైల్‌ను చదవకుండానే వదిలేస్తుంది. స్ట్రిక్ట్ మోడ్స్ అనే ఈ అమరిక మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది.

చేయవలసింది ఇది. హోమ్ ఫోల్డర్‌కు 755 గాని 750 గాని ఇవ్వండి. డాట్ ఎస్‌ఎస్‌హెచ్‌కు 700, ఆథరైజ్డ్ కీస్‌కు 600. ఈ మూడూ మీ యూజర్ సొంతమై ఉండాలి; సూడోతో, అంటే రూట్ అనే సర్వాధికారి హక్కులతో, ఫోల్డర్‌ను తయారు చేసి ఉంటే అది రూట్ పేరు మీద పడి ఉండవచ్చు, దాన్ని చౌన్‌తో మీ పేరుకు మార్చాలి. హోమ్ ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్లన్నింటికీ కూడా 777 పాకి ఉంటే వాటినీ తీరిగ్గా సరిచేసుకోండి, ముఖ్యంగా అక్కడ ఏవైనా ప్రైవేట్ కీలు ఉంటే.

ఒకప్పుడు నేనూ దీనికి ఒక మధ్యాహ్నమంతా సమర్పించుకున్నాను. కీ సరైనది, ఫైల్ సరైనది, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ 700. మూడోసారి కూడా కీని కొత్తగా చేసి అతికించాను. చివరికి సర్వర్ లాగ్ తెరిస్తే మొదటి ప్రయత్నం నుంచీ ఒకే వరస మళ్లీ మళ్లీ రాసి ఉంది: “అథెంటికేషన్ రెఫ్యూజ్డ్, బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ”, ఆ తరువాత నా హోమ్ ఫోల్డర్ పేరు. జట్టులో అందరూ ఫైళ్లు పంచుకోవడానికి వీలుగా ఎవరో దానికి 775 ఇచ్చారు. గ్రూపుకు రాసే హక్కు ఉంది, అంతే. లాగ్ మొదటే చూసి ఉంటే ఐదు నిమిషాల పని.

ఆ లాగ్ డెబియన్, ఉబుంటు వంటి వాటిలో వార్ లాగ్ ఫోల్డర్‌లోని ఆథ్ డాట్ లాగ్‌లోనూ, రెడ్ హ్యాట్ కుటుంబంలో అదే ఫోల్డర్‌లోని సెక్యూర్ అనే ఫైల్‌లోనూ ఉంటుంది. ఆ ఫైళ్లు లేని కొత్త వ్యవస్థల్లో జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశాన్ని అడగాలి. మీకు సూడో హక్కు లేకపోతే అడ్మిన్‌కు “పనిచేయడం లేదు” అని కాకుండా, మీరు ప్రయత్నించిన సమయాన్ని నిమిషంతో సహా రాసి, ఆ నిమిషంలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఏం రాసిందో పంపమనండి. అటువంటి ఉత్తరానికి జవాబు త్వరగా వస్తుంది.

లాగ్‌లో కూడా స్పష్టత రాకపోతే ఇంకో ఉపాయం ఉంది. ఉన్న సర్వీసును కదపకుండా, ఎస్‌ఎస్‌హెచ్‌డీని మైనస్ డీ తోనూ 2222 వంటి మరో పోర్టుతోనూ రూట్‌గా విడిగా నడిపితే, అది ఒక్క కనెక్షన్‌ను మాత్రమే తీసుకుని, ఏ ఫైల్‌ను తెరిచిందో, ఎందుకు వదిలేసిందో కళ్లెదుటే చెప్పి ముగిసిపోతుంది. ఆ పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకోకుండా చూసుకోవాలి.

అనుమతులు సరిచేశాక కూడా కుదరకపోతే కీ వరసను దగ్గరగా చూడండి. పబ్లిక్ కీ ఒకే వరస; అందులో మూడు ముక్కలు: కీ రకం, పొడవైన అక్షరాల గొలుసు, చివర ఒక గుర్తుమాట. ఈడీ25519 రకం కీ అయితే ఆ నడిమి గొలుసు ఎప్పుడూ సరిగ్గా 68 అక్షరాలే. చాట్ నుంచో మెయిల్ నుంచో అతికించినప్పుడు అది రెండు వరసలుగా విరిగినా, ఒక అక్షరం రాలిపోయినా, కంటికి తేడా తెలియదు. అందుకే కళ్లతో పదిసార్లు పోల్చడం కన్నా, ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌కు మైనస్ ఎల్, మైనస్ ఎఫ్ ఇచ్చి రెండు వైపులా వేలిముద్రను (కీని గుర్తుపట్టే చిన్న సంకేతం) తీయండి. సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌నే ఇస్తే అందులోని ప్రతి కీ వేలిముద్రనూ విడివిడిగా చూపిస్తుంది. ఎడిటర్ లాగ్‌లో “ఆఫరింగ్” పక్కన కనిపించే వేలిముద్ర ఆ జాబితాలో లేకపోతే, మీరు చూసుకుంటున్న కీ ఒకటి, ఎడిటర్ చూపిస్తున్న కీ ఇంకొకటి.

రెడ్ హ్యాట్ కుటుంబంలో అన్నీ సరిగా ఉన్నా ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలా అడ్డుపడవచ్చు. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ మీద రీస్టోర్‌కాన్ అనే ఆదేశాన్ని నడిపితే అది తొలగుతుంది. సర్వర్ విండోస్‌ది అయి, మీరు అక్కడ అడ్మినిస్ట్రేటర్ల గ్రూపులో ఉంటే మీ హోమ్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్ కీస్‌ను అది అసలు చూడదు. ప్రోగ్రామ్‌డేటాలోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో అడ్మినిస్ట్రేటర్ల కోసం వేరే ఫైల్ ఉంటుంది, కీ అందులో ఉండాలి.

ప్రశ్న: ఏళ్లుగా వాడుతున్న నా ఆర్‌ఎస్‌ఏ రకం కీ, సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చిన రోజు నుంచి పనిచేయడం మానేసింది. ఆర్‌ఎస్‌ఏను నిషేధించారని విన్నాను. నిజమేనా?

జవాబు: సగం నిజం. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (ఎక్కువ చోట్ల ఉండే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము) 8.8 నుంచి, ఆర్‌ఎస్‌ఏ కీతో ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత, బలహీనపడిన పద్ధతిలో పెట్టే సంతకాన్ని డిఫాల్ట్‌గా ఒప్పుకోవడం మానేశారు. నిషేధం సంతకం పెట్టే తీరుకే గాని కీకి కాదు. అదే కీతో ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతిలో సంతకం పెడితే కొత్త సర్వర్ కూడా హాయిగా ఒప్పుకుంటుంది. 2016లో వచ్చిన 7.2 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్‌కు ఆ విద్య తెలుసు. అంటే మీ వైపున పాతబడింది కీ కాదు, ఆ కీని వాడుతున్న ప్రోగ్రాము.

ఇక్కడే ఎడిటర్ల సంగతి వస్తుంది. విజువల్ స్టూడియో కోడ్‌లా యంత్రంలోని ఎస్‌ఎస్‌హెచ్‌ను పిలవకుండా, సొంత ఎస్‌ఎస్‌హెచ్ లైబ్రరీని లోపలే పెట్టుకున్న ఎడిటర్లు, ప్లగిన్లు కొన్ని ఉన్నాయి. ఆ లైబ్రరీ పాతదైతే టెర్మినల్‌లో అదే కీ పనిచేస్తుంది, ఎడిటర్‌లో చేయదు. అటువంటి చోట ముందు ఎడిటర్‌ను, ఆ ప్లగిన్‌ను కొత్త వెర్షన్‌కు మార్చండి. సర్వర్‌లో పాత పద్ధతిని తిరిగి తెరిపించే అమరిక ఉన్నమాట వాస్తవమే గాని, మీ ఒక్కరి ఎడిటర్ కోసం అందరి తలుపునూ బలహీనపరచమని అడ్మిన్‌ను అడగడం భావ్యం కాదు.

కీ ఫైల్ రూపం విషయంలోనూ ఇదే రకం తకరారు వస్తుంది. 2018 నాటి 7.8 నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ ప్రైవేట్ కీని పాత పెమ్ రూపంలో కాక ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సొంత రూపంలో రాస్తోంది. పాత లైబ్రరీలు దాన్ని చదవలేక “ఇన్‌వ్యాలిడ్ ఫార్మాట్” అంటాయి. పుట్టీ అనే మరో ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామును వాడేవారి పీపీకే కీ ఫైల్ సంగతి దీనికి తిరగేసినది: దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాముకు యథాతథంగా ఇవ్వకుండా, పుట్టీజెన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ రూపంలోకి ఎగుమతి చేసి ఇవ్వాలి.

ప్రశ్న: “టూ మెనీ అథెంటికేషన్ ఫెయిల్యూర్స్” అని వస్తోంది. నేను ప్రయత్నించింది ఒక్కసారే!

జవాబు: మీరు ఒక్కసారే, మీ ఏజెంట్ మాత్రం తన గుత్తిలోని కీలన్నింటినీ ఒక్కొక్కటిగా చూపించింది. సర్వర్ ఒక కనెక్షన్‌కు డిఫాల్ట్‌గా ఆరు ప్రయత్నాలే ఇస్తుంది. సరైన కీ వంతు ఏడోదైతే దాని దాకా రాకముందే తలుపు మూస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ సర్వర్ భాగం కింద ఐడెంటిటీ ఫైల్‌కు సరైన కీ దారి రాసి, ఐడెంటిటీస్ ఓన్లీ అనే అమరికకు ఎస్ (yes) అని ఇస్తే ఆ ఒక్క కీనే చూపిస్తుంది.

ప్రశ్న: కీ కుదిరింది, టెర్మినల్ నుంచి పాస్‌ఫ్రేజ్ ఇచ్చి లోపలికి వెళ్తున్నాను. కాని ఎఫ్5 నొక్కితే డీబగ్గర్ కాసేపు తిరిగి ఆగిపోతోంది. డీబగ్గర్‌ను ఎలా మొదలుపెట్టాలో రాసే లాంచ్ ఫైల్‌లో పైప్ ట్రాన్స్‌పోర్ట్ అనే భాగంలో ఎస్‌ఎస్‌హెచ్‌ను పెట్టాను. మా స్నేహితురాలు రిమోట్ విండోలోనే పని చేస్తుంది, ఆమెకు ఈ బాధ లేదు.

జవాబు: మీరిద్దరూ చేస్తున్నవి వేర్వేరు పనులు. ఆమె విండో తెరిచినప్పుడే ఎడిటర్ వెనుక భాగం సర్వర్‌లోకి చేరి కూర్చుంటుంది. డీబగ్గర్ కూడా అక్కడే పుడుతుంది కాబట్టి ఎఫ్5 నొక్కినప్పుడు మళ్లీ కీ చూపించనక్కరలేదు. మీ పద్ధతిలో ఎడిటర్ మీ దగ్గరే ఉండి, ఎఫ్5 నొక్కిన ప్రతిసారీ ఎస్‌ఎస్‌హెచ్‌ను కొత్తగా పిలిచి, సర్వర్‌లో జీడీబీ అనే డీబగ్గర్‌ను నడిపించి, ఆ గొట్టం గుండానే దానితో మాట్లాడుతుంది. ఆ గొట్టానికి తెరా లేదు, కీబోర్డూ లేదు. ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌ఫ్రేజ్ అడగాలనుకున్నా, కొత్త సర్వర్‌ను నమ్మవచ్చా అని ఎస్ లేదా నో కోసం చూసినా, ఆ ప్రశ్న మీ దాకా రాదు. అది జవాబు కోసం చూస్తుంది, డీబగ్గర్ దాని కోసం చూస్తుంది.

దీనికి చక్కటి పరీక్ష ఒకటి ఉంది. మైనస్ ఓ తరువాత బ్యాచ్‌మోడ్ ఈక్వల్స్ ఎస్ అని ఇచ్చి, సర్వర్ పేరు, చివర ట్రూ అనే ఆదేశం రాసి ఎస్‌ఎస్‌హెచ్‌ను నడపండి. బ్యాచ్‌మోడ్ అంటే ఏమీ అడగవద్దు, కుదరకపోతే వెంటనే చెప్పు అని. ఏ మాటా లేకుండా ప్రాంప్ట్ తిరిగి వస్తే పైపు పనిచేస్తుంది. ఏ ఒక్క అక్షరం తెర మీద పడినా ముందు దాన్ని సరిచేయాలి. “పర్మిషన్ డినైడ్” వస్తే కీ ఏజెంట్‌లో లేదు. ఎస్‌ఎస్‌హెచ్ యాడ్‌తో కీని ఏజెంట్‌కు అప్పగిస్తే ఒకసారి ఇచ్చిన పాస్‌ఫ్రేజ్‌తో పని జరిగిపోతుంది. విండోస్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ సర్వీసు డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది, దాన్ని సర్వీసుల జాబితాలో ఆటోమేటిక్‌గా మార్చి మొదలుపెట్టాలి. లినక్స్ డెస్క్‌టాప్‌లో అయితే టెర్మినల్‌లో మొదలుపెట్టిన ఏజెంట్ సంగతి ఐకాన్ నొక్కి తెరిచిన ఎడిటర్‌కు తెలియదు. ఎడిటర్‌ను అదే టెర్మినల్ నుంచి తెరిచి చూస్తే ఆ విషయం వెంటనే తేలుతుంది. “హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్” అని వస్తే, టెర్మినల్ నుంచి మామూలుగా ఒకసారి వెళ్లి, సర్వర్ వేలిముద్రను అడ్మిన్ ఇచ్చిన దానితో పోల్చి, ఎస్ అనండి.

అక్షరాలు పడటంలో ఇంకో తమాషా ఉంది. సర్వర్‌లోని బ్యాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలైనప్పుడు నడిచే ఫైల్) ఎవరైనా స్వాగత వాక్యం ఎకో చేసి ఉంటే, మనుషులకు అది మర్యాదే గాని, జీడీబీ జవాబు కోసం చూస్తున్న ఎడిటర్‌కు మాత్రం అర్థం కాని మొదటి మాట అవుతుంది. ఆ వాక్యాన్ని మనిషి కూర్చున్న షెల్‌లో మాత్రమే పలికేలా షరతు పెట్టండి.

పైథాన్‌కు “డీబగ్‌పై” అనే డీబగ్గర్‌ను, నోడ్‌కు ఇన్‌స్పెక్టర్‌ను వాడేవారికి దారి మరోలా ఉంటుంది. డీబగ్గర్ సర్వర్‌లో ఒక పోర్టు మీద కూర్చుంటుంది: మొదటిదానికి సాధారణంగా 5678, రెండోదానికి 9229. దాన్ని అందరికీ కనిపించే చిరునామా మీద కూర్చోబెట్టవద్దు, ఆ పోర్టును అందుకున్న ఎవరైనా మీ ప్రోగ్రాములో తమ కోడ్‌ను నడిపించవచ్చు. ఆ యంత్రానికి మాత్రమే కనిపించే 127.0.0.1 మీద ఉంచి, ఎస్‌ఎస్‌హెచ్‌కు మైనస్ క్యాపిటల్ ఎల్ ఇచ్చి మీ యంత్రం నుంచి ఆ పోర్టుకు సొరంగం వేసుకోండి. సొరంగం వేశాక “అడ్మినిస్ట్రేటివ్‌లీ ప్రొహిబిటెడ్” అని వస్తే కీలతో పని లేదు. సర్వర్‌లో టీసీపీ ఫార్వర్డింగ్‌ను, అంటే ఇలాంటి సొరంగాలు వేసే వీలును, ఆపి ఉంచారు. అది లేకపోతే పైన చెప్పిన రిమోట్ విండో కూడా చిక్కుల్లో పడుతుంది.

ఇవన్నీ దాటాక, నడుస్తున్న ప్రోగ్రాముకు తగులుకోబోతే “ఆపరేషన్ నాట్ పర్మిటెడ్” అని రావచ్చు. ఇందులోనూ పర్మిషన్‌ను పోలిన మాట ఉంది కాబట్టి చాలామంది మళ్లీ కీల దగ్గరకు పరుగెడతారు. ఇది కెర్నెల్‌లోని యామా అనే కాపలా. అందులోని పీట్రేస్ స్కోప్ అనే అమరిక విలువ 1గా ఉంటే డీబగ్గర్ తాను పుట్టించిన ప్రోగ్రామును తప్ప ఇంకొకదాన్ని పట్టుకోనివ్వదు. ప్రోగ్రామును డీబగ్గర్ చేతనే మొదలుపెట్టించడం అన్నింటికన్నా సులువు. లేదా సూడోతో తగులుకోవాలి.

ప్రశ్న: మాకు నేరుగా అందని సర్వర్ ఒకటి ఉంది. మధ్యలో ఇంకో యంత్రం మీదుగా వెళ్లాలి. అందుకని నా ప్రైవేట్ కీని ఆ మధ్య యంత్రంలో పెట్టి, పాస్‌ఫ్రేజ్ కూడా తీసేశాను. పని జరుగుతోంది. తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది. ఆ మధ్య యంత్రంలో రూట్ హక్కు ఉన్న ప్రతి ఒక్కరి చేతిలో ఇప్పుడు మీ కీ ఉన్నట్టే. 2016 నాటి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.3 నుంచి ప్రాక్సీ జంప్ అనే అమరిక ఉంది. కాన్ఫిగ్ ఫైల్‌లో చివరి సర్వర్ భాగం కింద దానికి మధ్య యంత్రం పేరు రాస్తే, ఎస్‌ఎస్‌హెచ్ ఆ యంత్రం గుండా దారి మాత్రమే వేసుకుని, చివరి సర్వర్‌తో కీ మాటలన్నీ మీ ల్యాప్‌టాప్ నుంచే జరుపుతుంది. ప్రైవేట్ కీ మీ దగ్గర నుంచి కదలదు. ఎడిటర్ కూడా అదే కాన్ఫిగ్‌ను చదువుతుంది కాబట్టి అక్కడ వేరే అమరికలు అక్కరలేదు. కాకపోతే మీ పబ్లిక్ కీ రెండు యంత్రాల్లోనూ ఉండాలి. మొదటిదానిలో పెట్టి రెండోదాన్ని మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మైనస్ వీ వరసల్లో “అథెంటికేటెడ్ టు” అన్న మాట ఒక్కసారే కనిపించి ఆగితే, ఆగింది రెండో తలుపు దగ్గర.

ఏజెంట్ ఫార్వర్డింగ్ అనే మరో పద్ధతిని కొందరు సూచిస్తారు. అందులో మీరు ఆ యంత్రంలో ఉన్నంతసేపూ అక్కడి రూట్ మీ ఏజెంట్ చేత సంతకాలు పెట్టించుకోగలడు, కనుక ప్రాక్సీ జంప్ సరిపోయే చోట దాని జోలికి వెళ్లకండి.

ఇక ఇప్పటికే అక్కడ పెట్టిన కీ సంగతి. ఆ ఫైల్‌ను చెరిపేస్తే చాలదు. ఈలోగా ఎవరు కాపీ చేసుకున్నారో తెలియదు. ల్యాప్‌టాప్‌లో పాస్‌ఫ్రేజ్‌తో కొత్త ఈడీ25519 జత చేసుకుని, దాన్ని రెండు యంత్రాల్లోనూ చేర్చి, ఎడిటర్ నుంచి ఒకసారి బ్రేక్‌పాయింట్ దాకా వెళ్లి చూసుకున్నాక, పాత కీ వరసను ప్రతి ఆథరైజ్డ్ కీస్ ఫైల్ నుంచీ తీసేయండి. తీసేటప్పుడు రెండో టెర్మినల్‌లో సర్వర్‌తో సంబంధం తెరిచే ఉంచండి, పొరపాటున కొత్త వరసను తీసేసినా తిరిగి చేర్చుకోవచ్చు.